చినవాల్తేరులో సంఘం తరఫున పిల్లలకు ట్యూషన్: మొదలుపెట్టే ముందు తేల్చుకోవలసిన విషయాలు

సహోదరికి వందనాలు. విశాఖ చినవాల్తేరులోని మీ క్రైస్తవ సంఘంలో పది పన్నెండు మంది యువతీయువకులు కలిసి, పెదజాలరిపేట నుండీ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో వాచ్‌మెన్‌గా ఉంటున్న కుటుంబాల నుండీ ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లలను చేరదీసి సాయంత్రాలు చదువు చెప్పాలనుకుంటున్నామని రాశారు. నలభై పేర్లు అప్పుడే వచ్చాయని, వారిలో సగం మంది సంఘానికి చెందినవారు కాదని, ప్రార్థన, వాక్యం ఎంతవరకు ఉండాలన్న విషయంలో పెద్దల మధ్య ఏకాభిప్రాయం కుదరలేదని, కొత్త సంవత్సరం మొదటి వారంలోనే ప్రారంభించాలని ఉందని కూడా చెప్పారు. విశాఖలో ఇటువంటి పరిచర్యలో చాలాకాలంగా ఉన్నవాడిగా అన్నిటికంటే ముఖ్యమైన మాట ముందే చెబుతాను. నలభై మందితో మొదలుపెట్టవద్దు. మీలో ఎంతమంది కనీసం రెండు విద్యాసంవత్సరాల పాటు, ప్రతి వారం అవే రోజుల్లో, అదే వేళకు తప్పకుండా రాగలరో నిజాయితీగా లెక్క వేసుకొని, ఒక్కొక్కరికి నలుగురు పిల్లల చొప్పున మాత్రమే తీసుకోండి. ఆ లెక్కలో పన్నెండు మంది పిల్లలే తేలితే పన్నెండు మందితోనే ప్రారంభించండి.

ఇది నా అభిప్రాయం మాత్రమే కాదు. అమెరికాలో పెద్దవారిని, కౌమారంలో ఉన్న పిల్లలను జతచేసి నడిపే ఒక పెద్ద కార్యక్రమాన్ని పరిశీలించి జీన్ గ్రాస్‌మన్, జీన్ రోడ్స్ అనే ఇద్దరు పరిశోధకులు 2002లో ప్రచురించిన అధ్యయనంలో, ఏడాదికి పైగా నిలిచిన అనుబంధాల వల్ల పిల్లలకు ఎక్కువ మేలు జరిగిందని, మూడు నెలల లోపే తెగిపోయిన చోట పిల్లలకు తమ మీద తమకున్న గౌరవం మునుపటికంటే తగ్గిందని తేలింది. అంటే మధ్యలో వదిలేసే సహాయం పిల్లవాడిని మొదటి స్థితిలో కూడా ఉంచదు. మన పేటల్లోని పిల్లలను దగ్గరగా చూసినవారికి ఇది ఆశ్చర్యం కలిగించదు. బడిలో తమకు నచ్చిన మాస్టారు బదిలీ అయి వెళ్ళిపోవడం, ఏదో సంస్థవారు వచ్చి నోటు పుస్తకాలు పంచి ఫోటోలు తీసుకొని మళ్ళీ కనిపించకపోవడం వారికి అలవాటైపోయిన సంగతులు. అటువంటి పిల్లవాడు మీ మీద నమ్మకం పెట్టుకోవడానికే నెలలు పడుతుంది. ఆ నమ్మకం కుదిరిన తరువాత మీరు కనబడకపోతే, లోపం తనలోనే ఉందని అతడు అనుకుంటాడు.

మీ బృందంలో ఎక్కువమంది ఇంజనీరింగ్ మూడవ, నాలుగవ సంవత్సరం విద్యార్థులని రాశారు. వారి ఉత్సాహాన్ని తక్కువ చేయడం లేదు గాని, ఉద్యోగం రాగానే వారు హైదరాబాదుకో బెంగళూరుకో వెళ్ళక తప్పదు. కనుక ఒక్కొక్క పిల్లవాడి బాధ్యతను ఊరు విడిచి వెళ్ళే అవసరం లేనివారికి అప్పగించండి. మీ సంఘంలో రిటైరైన ఉపాధ్యాయులు, బ్యాంకులోనో పోర్టులోనో పనిచేసేవారు, డిగ్రీ చదివి ఇంటి పట్టున ఉన్న అక్కలు తప్పక ఉంటారు. ‘మాకు ఈ కాలపు సిలబస్ రాదు’ అని వారు వెనుకాడతారు. లెక్కలు, సైన్సు పాఠాలు విద్యార్థులు చెప్పవచ్చు. పిల్లవాడు రాని రోజున సాయంత్రమే ఇంటికి వెళ్ళి అడగడం, తల్లితో మాట్లాడటం, పరీక్ష ఫీజు కట్టాడో లేదో చూడటం ఆ పెద్దవారు చేయాలి. పిల్లలు అందరినీ అన్నయ్య, అక్క అనే పిలుస్తారు. ఆ పిలుపుకు తగినట్టు నిలబడేవారు కావాలి.

పిల్లలను చేర్చుకొనే ముందు వారి ఇళ్ళకు వెళ్ళండి. ట్యూషన్ ఎప్పుడు పెట్టాలో ఆ ఇళ్ళే చెబుతాయి. జాలరిపేటలో చాలామంది తల్లులు తెల్లవారకముందే హార్బరుకు వెళ్ళి చేపలు కొని, గంపలతో వీధుల్లో అమ్ముకొని మధ్యాహ్నం దాటాక ఇల్లు చేరతారు. ఇంట్లో పెద్ద ఆడపిల్ల ఉంటే పొద్దున వంట, తమ్ముళ్ళ పని ఆమెదే. ఆమె బడికి ఆలస్యంగా వెళ్ళడాన్ని, సాయంత్రం పుస్తకం ముందు తూగడాన్ని బద్ధకంగా చూడకూడదు. తూర్పు తీరంలో మోటారు పడవలకు ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం ఉంటుంది. మన రాష్ట్రంలో బడులు తెరిచేది జూన్ 12న. అంటే పుస్తకాలు, బూట్లు, బస్సు పాసు అంటూ పిల్లవాడు డబ్బు అడగవలసిన వారంలోనే ఆ ఇంట్లో రెండు నెలలుగా వేట లేక చేతిలో పైసా ఉండదు. ప్రభుత్వ భృతి వచ్చినా అది చాలావరకు పాత అప్పులకే సరిపోతుంది. సంఘంలో కానుక పోగుచేయదలచుకుంటే దానిని క్రిస్మస్ కోసం కాకుండా జూన్ మొదటి వారం కోసం పోగుచేయండి. వాచ్‌మెన్ కుటుంబాల కథ వేరు. వీరిలో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుండి వచ్చినవారు. సెల్లారు పక్కన ఒకే గదిలో నలుగురూ ఉంటారు. అపార్ట్‌మెంట్‌వారు ఎప్పుడు మానేయమంటే అప్పుడు ఊరు మారతారు, దానితో పిల్లవాడి బడి కూడా మారుతుంది. అటువంటి పిల్లవాడి తండ్రి ఫోను నంబరుతో పాటు స్వగ్రామంలోని బంధువుల నంబరు కూడా మీ దగ్గర ఉండటం మంచిది.

మగపిల్లల విషయంలో మీరు తప్పక ఎదుర్కొనేది కేటరింగ్ పని. పెళ్ళిళ్ళ ముహూర్తాలు ఉన్న రాత్రుళ్ళు తొమ్మిది, పది తరగతుల పిల్లలు వడ్డనకు వెళ్ళి, అర్ధరాత్రి దాటాక కొంత డబ్బు, కడుపునిండా భోజనంతో తిరిగి వస్తారు. మాఘ, ఫాల్గుణ మాసాల్లో ముహూర్తాలు దండిగా ఉంటాయి. పబ్లిక్ పరీక్షలు మార్చిలో ఉంటాయి. ‘ఆ పని మానేయి’ అని ఊరకే చెబితే పిల్లవాడు ట్యూషనే మానేస్తాడు, ఎందుకంటే ఆ డబ్బుతోనే ఇంట్లో గ్యాసు బండ వచ్చి ఉండవచ్చు. తల్లిదండ్రులతో కూర్చొని, జనవరి నుండి పరీక్షలు ముగిసేవరకైనా పంపవద్దని ఒప్పించాలి. అవసరమైతే ఆ రెండు మూడు నెలలు ఆ ఇంటికి బియ్యం, పప్పు సంఘం చూడాలి. పిల్లలు ఆకలితో వస్తారన్న సంగతి కూడా మరువవద్దు. పాఠానికి ముందు ఉడకబెట్టిన శనగలో, ఒక అరటిపండో పెట్టండి.

ఇక బోధన విషయం. ఇక్కడ కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఎక్కువ ట్యూషన్లు ఫలించకపోవడానికి కారణం ఇక్కడే ఉంది. పదో తరగతి పిల్లవాడు వచ్చాడని పదో తరగతి పుస్తకం తెరవకండి. అతడు ఎక్కడ నిలిచి ఉన్నాడో మొదట తెలుసుకోండి. పిల్లలకు చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చో తెలుసుకోవడానికి ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ మన దేశంలో ఏళ్ళ తరబడి చేస్తున్న అసర్ సర్వేలో వాడే పద్ధతి చాలా సులువైనది. అక్షరం, పదం, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి చిన్న కథ వరుసగా చదివిస్తారు. లెక్కల్లో అంకెల గుర్తింపు, అప్పు తెచ్చుకొనే తీసివేత, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం చేయిస్తారు. ప్రతి పిల్లవాడినీ పక్కకు కూర్చోబెట్టి, ఇతరులు వినకుండా, పది నిమిషాల్లో ఈ పరీక్ష చేయవచ్చు. ఇతరులు వినకూడదన్నది ముఖ్యం. పదిహేనేళ్ళ పిల్లవాడు తనకంటే చిన్నవారి ఎదుట రెండో తరగతి కథ చదవలేక తడబడితే మరునాడు రాడు.

ఉదాహరణకు 816ను 4తో భాగించమని ఇవ్వండి. సరైన జవాబు 204. కాని చాలామంది 24 అని రాస్తారు. 1లో 4 పోదు కనుక అక్కడ సున్నా వేయాలన్న సంగతి మరచిపోవడం కాదు అది, స్థానవిలువ అసలు అర్థం కాకపోవడం. అలాగే సగానికి మూడో వంతు కలపమంటే పైవి పైవాటితో, కిందివి కిందివాటితో కలిపి 2/5 అని రాస్తారు. సగం కంటే జవాబు తక్కువ వచ్చిందేమిటని వారికి అనుమానం రాదు. ఈ స్థితిలో ఉన్న పిల్లవాడికి వర్గ సమీకరణాలు, త్రికోణమితి చెప్పడం వల్ల అతడు సూత్రాలు కంఠస్థం చేస్తాడు, పరీక్షలో అంకెలు కొంచెం మారగానే చేతులెత్తేస్తాడు. అందువల్ల జూన్ నుండి అక్టోబరు వరకు పిల్లలను తరగతిని బట్టి కాక స్థాయిని బట్టి గుంపులుగా చేసి, ఎక్కాలు, భాగహారం, భిన్నాలు, శాతాలు గట్టిపరచండి. గంటన్నరలో మొదటి సగం దీనికి, రెండవ సగం బడిలో ఆ వారం జరుగుతున్న పాఠానికి కేటాయిస్తే పిల్లలు తరగతిలో వెనుకబడరు. బిట్లు, పాత ప్రశ్నపత్రాలు, మోడల్ పేపర్లు డిసెంబరు నుండి చాలు.

ఇంగ్లీషు మీడియం వచ్చిన తరువాత కనిపిస్తున్న మరొక చిక్కు ఉంది. పిల్లవాడు సైన్సు పాఠాన్ని ఇంగ్లీషులో గడగడ చదివేస్తాడు, ఒక్క వాక్యం కూడా అర్థమై ఉండదు. ‘ఫొటోసింథసిస్’ అన్న పేరు వస్తుంది, ‘కిరణజన్య సంయోగక్రియ’ అన్న పేరూ వస్తుంది, కాని చెట్టు తన ఆహారాన్ని ఎక్కడ తయారుచేసుకుంటుందని అడిగితే వేర్లలో అంటాడు. మన ప్రభుత్వం ఇచ్చిన ద్విభాషా పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో తెలుగు ఉంటాయి. ముందు తెలుగు పేజీ చదివించండి. చదివినదాన్ని జాలరిపేటలో మాట్లాడే తెలుగులోనే, తన మాటల్లో చెప్పించండి. తరువాత ఇంగ్లీషు పేజీకి వెళ్ళి, అదే విషయాన్ని నాలుగైదు చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో రాయించండి. ఇది నెమ్మదిగా సాగుతుంది. ఒక పాఠానికి వారం పట్టినా కంగారు పడకండి.

కొందరు తల్లిదండ్రులు ‘కొట్టండి మాస్టారూ, మేమేమీ అనుకోము’ అంటారు. బడిలో పిల్లలను కొట్టడాన్ని 2009 విద్యాహక్కు చట్టం నిషేధించింది. మనది ప్రైవేటు ట్యూషను గదా అన్న వాదన మనకు తగదు. మీ గదిలో బెత్తం కనిపించకూడదు, అవమానించే మాట వినిపించకూడదు. గంజాయి వాసనతో వచ్చిన పిల్లవాడినైనా, ఫోనులో పందేలు కాసి ఇంట్లో దొంగతనం చేసిన పిల్లవాడినైనా గెంటివేయకండి. ఆ రోజు పాఠం పక్కన పెట్టి, బాధ్యత తీసుకున్న పెద్దవారు అతనితో పాటు బీచ్ రోడ్డు మీద కొంతదూరం నడవండి. ఈ వయసు పిల్లలు ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే చెప్పని విషయాలు పక్కన నడుస్తున్నప్పుడు చెబుతారు. వెంటనే ఉపదేశం చేయకుండా విని, అవసరమైతే వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్ళండి.

ప్రార్థన, వాక్యం గురించి మీ పెద్దల్లో ఉన్న సందేహానికి వస్తాను. చదువు చెప్పడం సువార్తకు ఎర కాకూడదని నా దృఢమైన విశ్వాసం. సండే స్కూలు అన్న ఏర్పాటు ఎలా వ్యాపించిందో పెద్దలకు గుర్తుచేయండి. 1780లో ఇంగ్లండులోని గ్లోస్టరులో రాబర్ట్ రైక్స్, వారమంతా పనిచేసే పేద పిల్లలకు ఖాళీ ఉండే ఒక్క ఆదివారం నాడు చదవడం నేర్పించడానికి బడి పెట్టించాడు. అక్కడ చదువు, భక్తి రెండూ ఉండేవి గాని, పిల్లలను పంపించిన కుటుంబాలకు అక్కడ ఏమి జరుగుతుందో తెలుసు. మనమూ అంతే చేయాలి. చేర్చుకొనే రోజునే, ఇంటికి వెళ్ళి, తల్లిదండ్రులకు స్పష్టంగా చెప్పండి: ఇది సంఘం నడిపే ట్యూషన్, పాఠం ముగిశాక పది నిమిషాల ప్రార్థన ఉంటుంది, దానికి ఉండటం ఉండకపోవడం మీ ఇష్టం, ఉండని పిల్లవాడికి చదువులో గాని, పుస్తకాల్లో గాని, ఫలహారంలో గాని ఏ తేడా ఉండదు. ప్రార్థన చివరన పెట్టడానికి కారణం వెళ్ళదలచినవారు ఇబ్బంది లేకుండా లేచి వెళ్ళగలగడమే. ఆదివారం ఆరాధనకు వచ్చినవారికే నోటు పుస్తకాలు అన్న నియమం ఎంతమంది అడిగినా పెట్టకండి. తల్లిదండ్రులకు తెలియకుండా మైనరు పిల్లలతో బాప్తిస్మం మాట ఎత్తవద్దు. గుర్తింపు పొందిన విద్యాసంస్థల్లో సైతం మైనరుకు మతబోధ చేయాలంటే సంరక్షకుల అంగీకారం ఉండాలని మన రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది. మీది గుర్తింపు పొందిన సంస్థ కాకపోయినా, మనస్సాక్షి ఉన్న విశ్వాసికి ఆ కొలత తక్కువది కాకూడదు. యేసు పన్నెండేళ్ళ ప్రాయం తరువాత జ్ఞానమందు వర్ధిల్లాడని లూకా రాశాడు. పిల్లవాడు భిన్నాలు నేర్చుకోవడం దానికదే దేవుని ఎదుట విలువైన పని అని నేను నమ్ముతాను, దానికి మరొక ప్రయోజనం జోడించనవసరం లేదు.

పిల్లల భద్రత గురించి మొహమాటం లేకుండా నియమాలు రాసుకోండి. ఏ పెద్దవారూ ఏ పిల్లవాడితోనూ, పిల్లతోనూ మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు. ఎప్పుడూ ఇద్దరు పెద్దవారు ఉండాలి, తలుపులు తెరిచి ఉండాలి. ఆడపిల్లల బాధ్యత అక్కలకే ఇవ్వండి, చీకటి పడకముందే వారిని ఇల్లు చేర్చండి. వాట్సాప్‌లో విడివిడి సందేశాలు వద్దు, తల్లి లేదా తండ్రి ఉన్న గ్రూపు చాలు. దాతలకు చూపడానికి పిల్లల ముఖాలు ఫేస్‌బుక్‌లో పెట్టకండి. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగవచ్చన్న భయం కలిగినా, 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలియజేయడం ప్రతి ఒక్కరి విధి. తెలియజేయకపోతే 21వ సెక్షన్ కింద శిక్ష ఉంది, సంస్థ బాధ్యుడు తన కింద పనిచేసేవారి నేరాన్ని దాస్తే ఏడాది వరకు జైలు పడవచ్చు. నిందితుడు సంఘ పెద్ద అయినా, పాస్టరు గారి బంధువైనా ఇందులో మినహాయింపు లేదు. సంఘం పరువు పేరుతో లోపల సర్దుబాటు చేయడమంటే ఆ బిడ్డకు రెండోసారి అన్యాయం చేయడమే. ఆపదలో ఉన్న పిల్లల కోసం పనిచేసే చైల్డ్‌లైన్ 1098 నంబరును గది గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. పెళ్ళి కుదిర్చారని ఆడపిల్ల వచ్చి చెప్పినా అదే నంబరు పనికివస్తుంది.

డబ్బు గురించి ఒక్క హెచ్చరిక. విదేశీ పౌరులైన స్నేహితులు పంపుతామంటే, ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద నమోదు గాని, ముందస్తు అనుమతి గాని లేని సంఘం ఆ సొమ్ము తీసుకోకూడదు. మీ పరిమాణానికి సంఘ సభ్యుల కానుకలే సరిపోతాయి.

పిల్లల ధ్రువపత్రాల విషయంలోనూ జాగ్రత్త అవసరం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకు ఎస్సీ హోదా ఉండదు, మన రాష్ట్రంలో ఎస్సీల నుండి క్రైస్తవులైనవారు బీసీ-సి కిందకు వస్తారు. ఈ నిబంధన న్యాయమా అన్న చర్చ పెద్దది. కాని పదో తరగతి పిల్లవాడి దరఖాస్తులో ఏమి రాయాలన్న నిర్ణయం మీరు చేయకండి, తెలిసిన న్యాయవాదిని అడిగి కుటుంబమే నిర్ణయించుకోవాలి.

ఎక్కువ సంఘాలు మార్చిలో పరీక్షలు ముగియగానే వీడ్కోలు సభ పెట్టి ట్యూషన్ మూసివేస్తాయి. పిల్లవాడికి మీ అవసరం అసలు మొదలయ్యేది అప్పుడే. పదో తరగతిలో ఒక్కొక్క సబ్జెక్టుకు నూటికి 35 మార్కులు, హిందీలో 20 వస్తే గట్టెక్కుతారు. ఒక్క లెక్కల్లో తప్పిన పిల్లవాడు వేసవిలోనే సప్లిమెంటరీ రాసి అదే ఏడాది ముందుకు వెళ్ళవచ్చు. ఆ ఫీజు గడువు వారంలో ఎవరూ పట్టించుకోకపోతే అతడు కేటరింగ్‌లోనో, హార్బరులోనో శాశ్వతంగా ఉండిపోతాడు. ఫలితాలు వచ్చిన రోజునే తప్పినవారి ఇళ్ళకు వెళ్ళండి. ప్యాసైనవారి ఇళ్ళకు మరునాడు వెళ్ళవచ్చు. పూర్తిగా బడి మానేసినవారికి సార్వత్రిక విద్యాపీఠం ద్వారా పదో తరగతి రాసే దారి ఉంది. బాగా మార్కులు వచ్చినవారికి ట్రిపుల్ ఐటీల ప్రవేశాల్లో ప్రభుత్వ బడి విద్యార్థులకు 4 శాతం అదనపు స్కోరు కలుపుతారన్న సంగతి చాలా ఇళ్ళకు తెలియదు. యంత్రాలంటే ఇష్టపడేవారి చేత పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష అయిన పాలిసెట్ రాయించి, కంచరపాలెంలోని ప్రభుత్వ పాలిటెక్నిక్‌ను, ఐటీఐని ముందే ఒకసారి చూపించండి. ఎనిమిదో తరగతి పిల్లల చేత ఎన్ఎంఎంఎస్ అనే కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ పరీక్ష తప్పక రాయించండి. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో చదువుతూ, కుటుంబ వార్షికాదాయం మూడున్నర లక్షలు దాటనివారు ఇందులో ఎంపికైతే తొమ్మిది నుండి ఇంటర్ రెండో సంవత్సరం వరకు ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. జాలరి ఇంట్లో ఆ మొత్తం ఆడపిల్ల చదువు ఆగకుండా చూడగలదు.

జనవరిలో ప్రారంభించాలన్న మీ ఆలోచనను ఈ కారణాల వల్లనే బడులు తెరిచే జూన్‌కు వాయిదా వేయమంటున్నాను. జనవరిలో వచ్చే పదో తరగతి పిల్లలకు మీరు పరీక్షల తొందర తప్ప ఏమీ ఇవ్వలేరు. వారు అడిగితే, సందేహాలు తీర్చడానికి మాత్రం వారానికి ఒక సాయంత్రం గది తెరిచి ఉంచండి. ఈ ఐదు నెలల్లో ముందుగా పిల్లలు చదివే బడి హెడ్మాస్టరును కలవండి. ఏ పిల్లవాడు ఎన్ని రోజులు రావడం లేదో ఆయన దగ్గర ఉన్న హాజరు పట్టీ మీకు ఎవరూ చెప్పలేనంత చెబుతుంది. తరువాత వార్డు సచివాలయంలో విద్యా కార్యదర్శిని పరిచయం చేసుకోండి. ఇళ్ళకు వెళ్ళడం, ఆ పది నిమిషాల పరీక్ష చేయడం ఏప్రిల్ నాటికి పూర్తిచేయండి. నలభై మందిలో ఎవరిని తీసుకోవాలన్న ప్రశ్నకు జవాబు అప్పుడు దొరుకుతుంది. ఎనిమిదో తరగతిలోకి వస్తున్నవారిని ముందు తీసుకోండి, వారికి మీరు మూడేళ్ళు ఇవ్వగలరు. మిగిలినవారి తల్లిదండ్రులకు ఈ ఏడాది చోటు లేదని మీరే స్వయంగా వెళ్ళి చెప్పండి, ఎవరితోనో కబురు పంపవద్దు.